లై, లే, లెయిన్: ఇర్రెగ్యులర్ వెర్బ్స్ కార్డుల డబ్బా మూడు నెలలు వాడాక

నేను స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీలే ఎక్కువ. ఇంగ్లిష్ ఇర్రెగ్యులర్ వెర్బ్స్, అంటే చివర ఈడీ (-ed) తగిలించే మామూలు పద్ధతిలో మారని క్రియలు, నేర్పే కార్డుల డబ్బా ఒకటి మూడు నెలల కింద తెప్పించుకున్నాను. పిల్లల కోసం కాదు, నా కోసమే. ఎందుకు తెప్పించుకున్నానో ముందు చెప్తాను. అది తెలిస్తేనే నేను దీంట్లో దేన్ని మెచ్చుకుంటున్నానో, దేన్ని తప్పుపడుతున్నానో మీకు అర్థమవుతుంది.

కదల్లేని పేషెంట్లకు రెండు గంటలకోసారి పక్క మారుస్తాం. అలా మార్చకపోతే ఒత్తిడి పడ్డచోట చర్మం దెబ్బతిని పుండవుతుంది. మార్చిన ప్రతిసారీ ఎన్ని గంటలకు, ఏ పక్కకు అనేది నోట్స్‌లో రాయాలి. ఒక రాత్రి నేను ఇలా రాశాను: "పేషెంట్ లైడ్ ఆన్ లెఫ్ట్ సైడ్ టెన్ టు ట్వెల్వ్, దెన్ లైడ్ ఆన్ రైట్ సైడ్." ఆయన్ని తిప్పింది నేనే. పక్కన దిండు పెట్టి ఆనించింది కూడా నేనే. పొద్దున డ్యూటీకి వచ్చిన నర్సు అది చదివి, ఈయన తనంతట తనే అటూ ఇటూ తిరిగి పడుకుంటున్నాడని అనుకుంది. ఆ పూట ఒకసారి పక్క మార్చడం తప్పిపోయింది. సాయంత్రానికి నడుము కింద చర్మం ఎర్రబడింది. పుండు కాలేదు, రెండు రోజుల్లో మామూలైంది. ఆ రెండు రోజులూ నాకు మాత్రం అన్నం సహించలేదు.

ఇన్‌ఛార్జి మేడమ్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "చూడమ్మా, ఎల్-ఐ-ఈ-డి అంటే అబద్ధమాడాడు అని. ఆయన పడుకున్నాడని రాయాలంటే లే. నువ్వు పడుకోబెట్టావని రాయాలంటే లెయిడ్. నువ్వు రాసిన మాటలో ఈ రెండూ లేవు. చదివినవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు తీసుకుంటారు." ఛార్టులో హాయిగా టర్న్‌డ్ అని రాసుకోమని కూడా ఆవిడే చెప్పారు. మంచి సలహా, అలాగే రాస్తున్నాను. కానీ హ్యాండోవర్, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతి తర్వాతివాళ్ళకు అప్పజెప్పడం, నోటితో చెప్పేది. ఫోన్లో డాక్టర్ అడిగితే అప్పటికప్పుడు చెప్పాలి. అక్కడ మాటను తప్పించుకుని ఎన్నాళ్ళు తిరుగుతాం? అందుకే ఈ డబ్బా.

డబ్బాలో 110 కార్డులున్నాయి, ఒక్కోటి అరచేతిలో సగం. ఒక పక్క వీవన్ (గో లాంటి మూల రూపం) మాత్రమే ఉంటుంది. తిప్పితే వీటూ (వెంట్ లాంటి గతకాల రూపం), వీత్రీ (హాజ్ తర్వాత వచ్చే గాన్ లాంటి రూపం), వాటి పలుకు తెలుగు అక్షరాల్లో, కింద ఒక చిన్న వాక్యం. అట్ట డబ్బాకి ఐదు అరలు. కొత్త కార్డులన్నీ మొదటి అరలో మొదలవుతాయి. సరిగ్గా చెప్పగలిగితే కార్డు తర్వాతి అరకి వెళ్తుంది, తప్పితే ఏ అరలో ఉన్నా మళ్ళీ మొదటికే. మొదటి అర రోజూ చూడాలి, రెండోది రెండు రోజులకోసారి, అలా పెరుగుతూ ఐదోది పదిహేను రోజులకోసారి. ఈ అరల పద్ధతి కొత్తదేం కాదు. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో తన పుస్తకంలో దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే లైట్నర్ డబ్బా అంటారు. ఇప్పుడు ఫోన్లో వచ్చే చాలా యాప్‌ల వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. నాకు ఫోన్ కంటే డబ్బానే నచ్చింది. డ్యూటీలో ఫోన్ తీయడం బాగోదు. నాలుగు కార్డులు జేబులో వేసుకుంటే రాత్రి మూడింటప్పుడు కళ్ళు మూతలు పడుతుంటే తీసి చూసుకోవచ్చు.

రంగులు బాగా పెట్టారు. ఏం మారని వాటికి నీలం: కట్, పుట్, హిట్, షట్, హర్ట్. రెండూ మూడూ ఒకటే అయిన వాటికి పచ్చ: స్లీప్–స్లెప్ట్–స్లెప్ట్, ఫీల్–ఫెల్ట్–ఫెల్ట్, బ్లీడ్–బ్లెడ్–బ్లెడ్, ఫీడ్–ఫెడ్–ఫెడ్. మూడూ వేర్వేరైన వాటికి ఎరుపు: గివ్–గేవ్–గివెన్, టేక్–టుక్–టేకెన్, డ్రింక్–డ్రాంక్–డ్రంక్. ఒకటీ మూడూ కలిసే కమ్–కేమ్–కమ్, రన్–రాన్–రన్ లాంటివి పసుపు. గో, బీ ఈ రెంటికీ విడిగా ఊదా రంగు. మనం చిన్నప్పుడు ఏ నుంచి జెడ్ దాకా వరసపెట్టి వల్లించాం. ఎరైజ్–ఎరోజ్–ఎరిజెన్ దగ్గర మొదలుపెట్టి సి అక్షరం వచ్చేసరికి అలసిపోయేవాళ్ళం. అక్షరమాల వరసకీ, మాట మారే తీరుకీ సంబంధమే లేదు. బ్లీడ్ పక్కన ఫీడ్ పెడితే చెవికి ఒకదాన్ని చూసి ఇంకోటి వస్తుంది. నా చేతిలో పచ్చ కార్డులు దాదాపు అన్నీ రెండు వారాల్లో నాలుగో అర దాటాయి. రంగుల పుణ్యమే అది.

డబ్బాలో నాలుగు పేజీల చిన్న పుస్తకం కూడా ఉంది. నియమాల పట్టికేనని పక్కన పడేశాను. ఒక రాత్రి తీరిగ్గా చదివితే ఒక సంగతి కట్టిపడేసింది. 2007లో నేచర్ అనే సైన్స్ పత్రికలో హార్వర్డ్ పరిశోధకులు వేసిన లెక్క అది. పాత ఇంగ్లిష్‌లో ఇలాంటివి 177 క్రియలు తీసుకుని చూస్తే, ఈనాటికి అందులో 98 మాత్రమే ఇర్రెగ్యులర్‌గా మిగిలాయట. అరుదుగా వాడేవి ఈడీ తగిలించుకుని మామూలు క్రియలైపోయాయి, ఎక్కువ వాడేవి పాత రూపం నిలబెట్టుకున్నాయి. హెల్ప్ కూడా ఒకప్పుడు హోల్ప్, హోల్పెన్ అని మారేదే. ఇప్పుడు హెల్ప్‌డ్. బీ, హావ్, డూ, గో, సే, కమ్, టేక్, గెట్, మనం నిమిషానికోసారి వాడేవన్నీ ఎందుకిలా వంకర్లు తిరిగి ఉన్నాయా అని విసుక్కునేదాన్ని. నిమిషానికోసారి వాడారు కాబట్టే వాటి పాత రూపం చెరిగిపోలేదు. మన రా చూడండి. రా అంటాం, వస్తాడు అంటాం, వచ్చాడు అంటాం, రాలేదు అంటాం. రా ఎక్కడ, వచ్చాడు ఎక్కడ? తెలుగు నేర్చుకునేవాళ్ళని అడిగితే తెలుస్తుంది మన మాట ఎంత వంకరో. ఇది చదివాక నాకు వెర్బ్స్ మీద కోపం పోయింది. కోపం పోయాక బుర్రకి త్వరగా ఎక్కాయి.

ఇక తప్పులు. తెలుగు అక్షరాల్లో ఇచ్చిన పలుకులు కొన్ని తప్పు. సే కార్డు వెనక సెయిడ్ అని అచ్చేశారు, అది సెడ్. రీడ్ అయితే ఇంకా అన్యాయం. రీడ్–రీడ్–రీడ్ అని నీలం కార్డు మీద, ఏం మారని వాటిలో వేశారు. స్పెల్లింగ్ మారదు, నిజమే. పలుకు మారుతుంది, వీటూ వీత్రీ రెండూ రెడ్. "ఐ రీడ్ ద ఛార్ట్" అంటే రోజూ చదువుతానని, "ఐ రెడ్ ద ఛార్ట్" అంటే చదివేశానని. ఫోన్లో అవతలివాళ్ళకు తేడా తెలిసేది ఆ ఒక్క అచ్చుతోనే. పలుకులు అచ్చేసేముందు ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళ చేత ఒకసారి గట్టిగా చదివించుకోవాల్సింది. నేను పెన్నుతో దిద్దుకున్నాను, తెలియనివాళ్ళు తప్పే నేర్చుకుంటారు.

రెండో తప్పు కాగితానిది. శానిటైజర్ తడి చేత్తో ముట్టుకుంటే సిరా చెదురుతుంది. గివ్ కార్డు మీద గివెన్ సగం పోయింది. పైన పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటే సరిపోయేది.

అసలు బాధ వేరే ఉంది. నేను దేనికోసం కొన్నానో ఆ లై, లే కార్డులే ఇందులో అన్నిటికంటే బలహీనం. లై ఎరుపు కార్డు: లై–లే–లెయిన్. లే పచ్చ కార్డు: లే–లెయిడ్–లెయిడ్. రెండూ వేర్వేరు రంగులు, వేర్వేరు చోట్ల, ఒకదాని గురించి ఒకదాని మీద ముక్క లేదు. వెనక వాక్యాలు: "హి లే డౌన్." "షి లెయిడ్ ద బుక్." ఇందులో చిక్కు ఎక్కడుందో తెలిసినవాళ్ళెవరూ ఇలా వదిలిపెట్టరు. లే అనే మాట ఒక కార్డులో వీటూ, ఇంకో కార్డులో వీవన్. ఎర్ర కార్డు కంఠతా వచ్చిన రోజు పచ్చ కార్డు తప్పాను. పచ్చది వచ్చిన రోజు ఎర్రది తప్పాను. పది రోజులు ఈ రెండూ మొదటి అర దాటలేదు. దానికి తోడు మన చెవికి లే అంటే లేవమని. ఇంగ్లిష్‌లో దానికి సరిగ్గా ఎదురు, పడుకోబెట్టు అని.

ఆ ముడి విప్పింది కార్డు కాదు, తెలుగు. ఒక రాత్రి ఆ పేషెంటు దగ్గరే నిలబడి మనసులో అనుకున్నాను. "పది గంటలకు నేను ఈయన్ని ఎడమ పక్కకు పడుకోబెట్టాను. పన్నెండు దాకా ఆయన అలాగే పడుకున్నాడు." మనం ఈ రెంటినీ ఎప్పుడైనా కలిపేస్తామా? పసిపిల్లాడు కూడా అమ్మ నన్ను పడుకోబెట్టింది అంటాడు కానీ అమ్మ నన్ను పడుకుంది అనడు. తానే చేసేది పడుకోవడం. ఎదుటివాళ్ళ చేత చేయించేది పడుకోబెట్టడం. ఇంగ్లిష్‌లో లై, లే సరిగ్గా ఈ జంటే. పడుకోబెట్టాను అన్నచోట లెయిడ్. పడుకున్నాడు అన్నచోట లే. ఇంకా పడుకునే ఉన్నాడు, రెండు గంటలైంది అన్నచోట హాజ్ లెయిన్.

అక్కడితో ఆగలేదు. కార్డులన్నీ టేబుల్ మీద పరిచి ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయేమో వెతికాను. సిట్ కూర్చోవడం, సెట్ కుదురుగా పెట్టడం. రైజ్ లేవడం, రెయిజ్ లేపడం. ఫాల్ పడడం, ఫెల్ అంటే చెట్టును పడగొట్టడం. ఇంగ్లిష్‌కి మూలమైన పాత భాషలో ఒక క్రియ నుంచి చేయించే క్రియని పుట్టించే పద్ధతి ఉండేది, ఆ జంటలే ఇవి. తడిపి ముద్దచేయడం అనే అర్థంలో వాడే డ్రెంచ్ కూడా డ్రింక్‌కి అలా పుట్టిన జతే, మొదట్లో దాని అర్థం తాగించు. ఆ పద్ధతి ఇంగ్లిష్‌లో ఎప్పుడో ఆగిపోయింది, నాలుగైదు జంటలు మాత్రం మిగిలాయి. మనకు అది ఈ రోజుకీ పచ్చగా ఉంది: తాగు–తాగించు, లేచు–లేపు, కూర్చొను–కూర్చోబెట్టు.

ఆ జంటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక గుర్తు దొరుకుతుంది. తానే చేసే క్రియ లోపలి అచ్చు మార్చుకుంటుంది: లై–లే, రైజ్–రోజ్, సిట్–సాట్, ఫాల్–ఫెల్. చేయించే క్రియ చివర డ శబ్దం తెచ్చుకుంటుంది: లే–లెయిడ్, రెయిజ్–రెయిజ్‌డ్, ఫెల్–ఫెల్డ్. సెట్ ఒక్కటే మారకుండా ఉండిపోతుంది. లెయిడ్‌ని ఇర్రెగ్యులర్ జాబితాలో వేస్తారు కానీ చెవితో వింటే అందులో వంకరేం లేదు. లే చివర డ చేరింది, అంతే. పే–పెయిడ్ లాగే వంకరంతా స్పెల్లింగ్‌లోనే ఉంది. అంటే ఈ రెంటిలో నిజంగా గుర్తుపెట్టుకోవాల్సింది లై ఒక్కటే. పది రోజులు కార్డులు తిప్పినా రానిది ఆ రాత్రి అరగంటలో వచ్చింది.

ఈ డబ్బాలో లేని ఇంకో సంగతి కూడా చెప్పాలి. నైట్ నోట్స్‌లో మాలో చాలామంది రాసే వాక్యం "పేషెంట్ డిడ్ నాట్ స్లెప్ట్." జరిగిపోయిన రాత్రి గురించి కదా, వీటూ రావాలి కదా అని మనసు తోస్తుంది. కార్డు స్లీప్–స్లెప్ట్–స్లెప్ట్ అని చెప్పి ఊరుకుంటుంది, ఎప్పుడు వాడకూడదో చెప్పదు. దీనికీ మందు మన దగ్గరే ఉంది. నిద్రపోయాడు అంటాం. లేదని చెప్పాలంటే నిద్రపోయాడులేదు అంటామా? నిద్రపోలేదు అంటాం. జరిగిపోయిందని చెప్పే బరువంతా లేదు మీద పడింది, ముందున్న నిద్రపో ఏ కాలమూ అంటని రూపంలో ఉండిపోయింది. డిడ్ నాట్ స్లీప్ కూడా అంతే. గతమంతా డిడ్ మోస్తుంది, స్లీప్ ఖాళీ చేతులతో నిలబడుతుంది. మా కొత్త నర్సు ఒకమ్మాయికి ఇలా చెప్తే, "అక్కా, అయితే డిడ్ నాట్ వెంట్ అంటే వెళ్ళాడులేదు అన్నట్టా?" అంది. అవును, సరిగ్గా అలాగే వినిపిస్తుంది అన్నాను. ఆ తర్వాత ఆ అమ్మాయి నోట్స్‌లో ఆ తప్పు నాకు కనబడలేదు.

ఊదా రంగు గో కార్డు గురించి కూడా. గో–వెంట్–గాన్. వెంట్ నిజానికి గో కుటుంబంలోది కాదు, వెండ్ అనే వేరే క్రియకి వీటూ. సెండ్–సెంట్ లాగే వెండ్–వెంట్. గో తన పాత వీటూని పోగొట్టుకుని దీన్ని తెచ్చుకుంది. ఈ సంగతి చిన్న పుస్తకంలో బాగా రాశారు. కానీ హాజ్ గాన్ పక్కన హాజ్ బీన్ ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాలేదు. "హి హాజ్ గాన్ టు ఎక్స్‌రే" అంటే వెళ్ళాడు, ఇంకా రాలేదు, మంచం ఖాళీ. "హి హాజ్ బీన్ టు ఎక్స్‌రే" అంటే వెళ్ళొచ్చాడు, మంచం మీదే ఉన్నాడు. మనకి వెళ్ళొచ్చాడు అనే ఒక్క మాటలో ఆ తేడా ఎంత స్పష్టంగా ఉంది! హ్యాండోవర్‌లో గాన్ అన్నారంటే మనిషి కోసం వెతుకుతాం, బీన్ అన్నారంటే రిపోర్టు కోసం వెతుకుతాం. బీన్ గో కింద కాకుండా బీ కార్డు వెనక ఉంది, సరే, వ్యాకరణం ప్రకారం దాని చోటు అదే. ఒక్క వాక్యం ఇక్కడ కూడా వేసి ఉంటే ఎంతమందికి పనికొచ్చేదో.

తీసుకోవచ్చా అని అడిగేవాళ్ళకి నా మాట ఇది. వీవన్, వీటూ, వీత్రీ నోటికి రావడం మీ అవసరమైతే తీసుకోండి. రంగులు, అరలు కలిసి ఆ పని చాలా బాగా చేస్తాయి. రోజుకి పావుగంట చాలు. మూడు నెలల్లో 110లో 93 కార్డులు నాకు ఐదో అరకి చేరాయి, ఇంతకుముందు ఏ పుస్తకంతోనూ నాకిది సాధ్యపడలేదు. కానీ ఏ రూపం ఎక్కడ వాడాలో ఇది నేర్పుతుందని అనుకోకండి. ఆ వాక్యాలు మీ పనిలోంచి మీరే రాసుకోవాలి. పిల్లలకు ఇచ్చేటట్టయితే ముందు సే, రీడ్ కార్డులు దిద్ది ఇవ్వండి. నర్సులకు, వార్డుల్లో పనిచేసేవాళ్ళకు ఒక చిన్న మాట: జేబులో వేసుకునే కార్డులకు పారదర్శకం టేపు అంటించుకోండి.

తయారుచేసినవాళ్ళకు కూడా ఈ సంగతులన్నీ రాసి పంపాను. తర్వాతి అచ్చులో లై, లే రెండూ ఒకే కార్డు మీద ఎదురెదురుగా వేయమని, కింద పడుకున్నాడు, పడుకోబెట్టాడు అని తెలుగులో రాయమని అడిగాను. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా నేనే ఖాళీ అట్టముక్క కత్తిరించి ఒక కార్డు చేసుకున్నాను. ఒక పక్క, "ఐ లెయిడ్ హిమ్ ఆన్ హిజ్ లెఫ్ట్ సైడ్ ఎట్ టెన్." రెండో పక్క, "హి లే దేర్ టిల్ ట్వెల్వ్." దాని కింద చిన్న అక్షరాల్లో, "హి హాజ్ లెయిన్ దేర్ ఫర్ టూ అవర్స్. టర్న్ హిమ్." ఆ కార్డు ఇప్పుడు నాలుగో అరలో ఉంది. వచ్చే సోమవారం దాని వంతు.